కాలని ఫ్యూజు

మహబూబాబాద్,
14 జూన్ 2025

తమ్ముడు శామ్యూల్‌కు,

నువ్వూ స్వరూపా క్షేమమని తలుస్తాను. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నేనేం అడిగినా నువ్వు "మంచిగనే ఉన్న అక్కా" అంటావు. నేనూ అదే అంటాను. పైగా నేను మాట్లాడే వేళకు షారోన్ దవాఖాన డ్యూటీ నుంచి వచ్చి పక్కనే ఉంటుంది. కూతురు వినేలా చెప్పలేని మాటలు తల్లికీ కొన్ని ఉంటాయి కదా. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత వ్యాసాలు రాయించిన దాన్ని, కాగితం మీదైతే నిదానంగా మాట్లాడగలను. పక్కింటి భద్రమ్మ కిటికీలోంచి అందుకుని పోస్టులో వేస్తుంది.

ఆటో బోల్తాపడి నా నడుము విరిగి ఈ ఆగస్టుకు రెండేళ్లు. ఇప్పుడు నాకున్న లోకమంతా పన్నెండడుగుల గది. మంచం మీద నుంచి చూస్తే ఒక గడియారం, సగం కిటికీ, కిటికీ అవతల భద్రమ్మ వాళ్ల రేకుల షెడ్డు, బల్ల మీద నువ్వు చేసిచ్చిన ఆంప్లిఫయర్. బయ్యారం బడిలో నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నీ చేత్తో బిగించి ఇచ్చిన మొదటి సెట్టు అది. పొద్దున షారోన్ గోడ స్విచ్చు వేసి వెళుతుంది. పాటలు మార్చుకోవడం, శబ్దం పెంచుకోవడం నా ఫోన్‌లోనే చేసుకుంటాను. సాయంత్రం దాకా నాకు మనిషి తోడు అదే.

అసలు సంగతికి వస్తాను. మన చర్చిలో మైకులు చూసుకునే దానియేలు తెలుసు కదా. పోయిన ఆదివారం ఒక చిన్న డబ్బా చూపించాడు. "రాగమణి" అట. ఆంప్లిఫయర్‌లో మామూలు ఫ్యూజు తీసి ఇది పెడితే పాట మారిపోతుందట. నేను నవ్వి పక్కన పెట్టబోయాను. డబ్బా తిప్పి చూస్తే నీ ఫొటో! కింద నీ మాట: "నలభై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను. ఈ ఫ్యూజు పెట్టాక పాటలో ఊపిరి కూడా వినిపించింది."

ఇంకేం ఆలోచిస్తాను? పెట్టమన్నాను.

తొంభై ఒకటిలో మన గాయక బృందం క్యాసెట్టు చేశాం, గుర్తుందా? షారోన్ నా ఫోన్‌లోకి ఎక్కించిన ఆ పాటలే వేశాను. మూడో పాటలో రెండో చరణానికి ముందు నా నేస్తం అరుంధతి ఊపిరి తీసుకోవడం వినిపించింది తమ్మీ. చరణం ఎత్తుకోబోయే ముందు ముక్కుతో చటుక్కున లాగే ఆ ఊపిరి. అది పోయి పదేళ్లు. నా పక్కనే నిలబడి పాడినట్టనిపించి, వెళ్లిపోతుందేమోనన్న భయంతో కళ్లు మూసుకునే ఉన్నాను. ఆ పాటే మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నాను.

ఒక్కటే అడుగుతాను. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను. నువ్వు నిజంగా విన్నావా?

మీ అక్క,
సరోజ


జనగామ,
24 జూన్ 2025

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. స్వరూప కూడా చదివి, అరుంధతక్క ముచ్చట దగ్గర కళ్లు తుడుచుకుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. షాపు ముందు బురద తొక్కలేకపోతున్నాం. అయినా రద్దీగానే ఉంది. రెండేళ్లుగా ఎవరూ ఆంప్లిఫయర్ రిపేరుకు తెచ్చే పాపాన పోలేదు, ఇప్పుడు తరిగొప్పుల నుంచి, భూపాలపల్లి నుంచి కూడా వస్తున్నారు. నన్ను సార్ అంటున్నారు. మొన్న ఒకాయన ఫొటో దిగి వెళ్లాడు. రాగమణి వాళ్ల మనిషి అరుణ్ వారానికోసారి వచ్చి పోతాడు. చిన్నప్పుడు నా దగ్గరే టంకం పెట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు కారులో దిగుతున్నాడు.

నువ్వు అడిగింది: విన్నాను అక్కా. అయినా ఎవరి చెవి వారిది. నీకు అరుంధతక్క వినిపించిందంటే అంతకంటే ఏం కావాలి?

సెట్టు మీద గుడ్డ కప్పకు, వేడి పోవాలి. షారోన్‌ను అడిగానని చెప్పు. నడుముకు మసాజు చేసే ఆమె ఇంకా వస్తోందా? స్వరూప నీకోసం పచ్చడి కలిపింది, ఎవరైనా అటు వస్తే పంపిస్తాను.

నీ తమ్ముడు,
శామ్యూల్


మహబూబాబాద్,
7 జూలై 2025

తమ్ముడికి,

పేజీ నిండా వానా, బురదా, పచ్చడీ రాశావు. నేనడిగిన దానికి మాత్రం ఒకే మాట. ఆ మాట చుట్టూ ఉన్న అక్షరాలు కూడా తడబడ్డాయి. పరీక్ష పేపర్లు దిద్దిన కళ్లు ఇవి. జవాబు తెలిసిన పిల్లవాడు ఎలా రాస్తాడో, తెలియనివాడు ఎలా రాస్తాడో నాకు తెలుసు.

నిన్న ఆదివారం. ఆరాధన అయ్యాక దానియేలు వచ్చాడు, షారోన్ ఇంట్లోనే ఉంది. నాకొక ఆలోచన వచ్చింది. "దానియేలూ, నేను కండ్లు మూసుకుంట. నువ్వు పాత ఫ్యూజు పెడతవో కొత్తది పెడతవో నాకు చెప్పకు. పాట వెయ్యి. ఏదో నేను చెప్త" అన్నాను.

"పరీక్షనా టీచరమ్మా?" అన్నాడు.

"పరీక్షనే. నాకు."

పదిసార్లు మార్చాడు పాపం, ప్రతిసారీ ప్లగ్గు పీకి, వెనక డబ్బీ విప్పి. షారోన్ కాగితం మీద రాసింది. పదింట్లో ఆరు ఒప్పు. కళ్లు మూసుకుని నాణెం ఎగరేసినా అంతే వస్తుంది కదా. అసలు సంగతి అది కూడా కాదు. పదిసార్లూ అరుంధతి ఊపిరి తీసుకుంది. పాత ఫ్యూజుతోనూ తీసుకుంది. ముప్పై నాలుగేళ్లుగా ఆ పాటలో ఆ ఊపిరి అక్కడే ఉంది. నేనే వినలేదు. డబ్బా మీద నీ మాట చదివాక ఊపిరి కోసం చెవి పెట్టాను, దొరికింది.

అలాంటప్పుడు నువ్వు విన్నదేమిటి? నాకు తెలియాలి.

కొత్తదే లోపల ఉండిపోయింది. చివరిసారి మార్చేటప్పుడు పాత గాజు ఫ్యూజు దానియేలు చేతిలోంచి జారి పగిలింది. పాపం వాడు ఏదో పాపం చేసినట్టు మొహం పెట్టాడు. ఎలాగూ పాట ఒక్కటే అయినప్పుడు ఏది ఉంటేనేం అన్నాను.

కోపం లేదు తమ్మీ. రోజంతా పడుకుని ఉండే మనిషికి ఒక మాట దొరికితే దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. అందుకే అడుగుతున్నాను.

సరోజ


జనగామ,
19 జూలై 2025

అక్కా,

నిన్న సాయంత్రం ఫోన్ చేసి "ఆ సెట్టు పెట్టకు, ఎందుకని అడగకు, ఉత్తరం రాస్త" అన్నాను. నువ్వు "సరే తియ్యి" అన్నావు. ఆ మాటతో ఊపిరి పీల్చుకుని కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు.

నేనేమీ వినలేదు అక్కా.

పోయిన ఏడాది అరుణ్ నన్ను హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు తీసుకుపోయాడు. పెద్ద హాలు, మంచి సెట్టు, పదిమంది కుర్రవాళ్లు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. మామూలు ఫ్యూజుతో ఒక పాట, తర్వాత రాగమణితో అదే పాట. "ఇప్పుడు చెప్పండి సార్" అన్నారు. నాకు రెండూ ఒక్కటే. చుట్టూ చూశాను. అందరూ తలలు ఊపుతున్నారు. ఒకడు కళ్లు మూసుకుని "అబ్బ" అంటున్నాడు. నేనూ తల ఊపాను. అంతే. ఆ తల ఊపుడుకు వాళ్లు మాటలు రాసుకొచ్చారు, నేను సంతకం పెట్టాను. రాగమణి గురించి తప్పుగా మాట్లాడనని కూడా ఆ కాగితంలో ఉందట. చదవలేదు.

తెలియక కాదు. సబ్‌స్టేషన్ నుంచి మైళ్ల కొద్దీ అల్యూమినియం తీగ మీద వచ్చే కరెంటు చివరి అంగుళంలో బంగారు పూత తగిలితే రాగం మారుతుందా? ఫ్యూజు దగ్గరకు పాట రానే రాదు. కరెంటు హద్దు మీరితే తాను కరిగి, ఇంటిని కాపాడటం ఒక్కటే దాని పని. ఇది నేను ఎందరికో నేర్పాను.

మొన్న భూపాలపల్లి నుంచి రాజమల్లు అనే పెద్దమనిషి బస్సులో సెట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. సెట్టు వెనక భాగం మాడిపోయి ఉంది. "ఇంటికాడ నేను ఉన్న కాబట్టి మెయిన్ బంద్ జేసిన. లేకుంటె ఇల్లు పోతుండె" అన్నాడు. తర్వాత గోడ మీద నా ఫొటో చూసి, "నువ్వేనా మేస్త్రీ?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"మరి గీ ఫ్యూజు ఎందుకు పోలే?"

ఆ సెట్టులో రాగమణి తీసి చూస్తే కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. పైన తెల్లటి పింగాణీ, లోపల ఏముందో కనబడదు. రాజమల్లు ముందే రంపంతో కోశాను. సన్నని తీగ ఉండాల్సిన చోట అగ్గిపుల్లంత లావు రాగికడ్డీ ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "గిది ఫ్యూజు కాదు, గోడకు కొట్టే మొల. బాయిల గిట్ల పెడితె మనుషులు సస్తరు" అన్నాడు. సెట్టు నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు.

షాపులో ఉన్న మరో మూడు పరీక్షించాను. రెండు ఆంపియర్లకు కరగాల్సినవి ఇరవై పెట్టినా కరగలేదు. అప్పుడే నీకు ఫోన్ చేశాను.

అరుణ్‌ను నిలదీస్తే, "గా కడ్డీ ఉంటెనే సౌండ్ ఫ్రీగ వస్తది సార్, గది మా టెక్నిక్" అన్నాడు. కాగితం గుర్తుచేసి వెళ్లాడు. నేను మాట్లాడితే సంతకం తప్పినవాణ్ని. మాట్లాడకపోతే... అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

దానియేలు వచ్చి మామూలు ఫ్యూజు వేసేదాకా దాన్ని ముట్టుకోకు.

శామ్యూల్


మహబూబాబాద్,
26 జూలై 2025

శామ్యూల్‌కు,

సోమవారం సాయంత్రం నువ్వు పరుగెత్తుకు వచ్చావు. మూడు గంటలు నా మంచం పక్కన కూర్చున్నావు. "ఎట్లయింది మామా?" అని షారోన్ అడిగితే "వోల్టేజి ఎక్కువైంది బిడ్డా" అన్నావు. పొద్దున బండికి వెళ్లిపోయావు. బుధవారం నీ ఉత్తరం వచ్చింది.

ఎందుకని అడగకు అన్నావు. ఎందుకో చెప్పి ఉంటే తీయించేదాన్ని. సెట్టు పాతబడింది, మోత ఎక్కువైతే చెడిపోతుందని భయపడుతున్నావేమో అనుకున్నాను. గోడ స్విచ్చు నాకు అందదు. షారోన్‌తో చెబితే ఆ పిల్ల వెయ్యకుండా వెళుతుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా గడియారం చప్పుడు వింటూ పడుకోవాలి. నీకు సరే అన్నాను. షారోన్‌కు చెప్పలేదు. శనివారం విన్నాను. సోమవారమూ విన్నాను.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. భద్రమ్మ తలుపు తోసుకుని వచ్చిందని షారోన్ నీతో చెప్పింది. తోస్తే వచ్చే తలుపు కాదది. పొద్దున వెళ్లేటప్పుడు షారోన్ బయట తాళం వేస్తుంది. పోయిన చలికాలం ఎవడో లోపలికి వచ్చి నేను చూస్తుండగానే నా ఫోన్ తీసుకుపోయాడు. నేను అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అప్పటి నుంచి తాళం. "అమ్మా, తాళమెయ్యకపోతె దవాఖానల నాకు చెయ్యి ఆడదే. మామకు మాత్రం చెప్పకు" అంది. ఆ పిల్ల భయం నాకు తెలుసు. అందుకే ఊరుకున్నాను.

సోమవారం పదకొండింటికి గాలివాన. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు పాట ఆగి బర్రుమని మోత. తర్వాత కాలిన వాసన. ఆంప్లిఫయర్ పై చిల్లుల్లోంచి సన్నగా పొగ. షారోన్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను, డ్యూటీలో తీయనివ్వరు. నీకు రెండుసార్లు చేశాను, మోగి మోగి ఆగిపోయింది. భద్రమ్మను పిలిచాను. వాన రేకుల మీద పడుతుంటే నా గొంతు నాకే వినబడలేదు.

పొగ నల్లబడింది. బల్ల గుడ్డ అంచు అంటుకుంది. అప్పుడు చేతులతో మంచం పట్టె పట్టుకుని ఒళ్లంతా కిందికి వేశాను. పడ్డప్పుడు నడుము కింద ఏమీ తెలియలేదు, మోచేతులు మాత్రం పగిలాయి. రెండేళ్లలో ఆ గచ్చు మీదికి దిగడం అదే మొదటిసారి. మోచేతులతో పాకాను. నాలుగడుగుల దూరం తమ్మీ, నాలుగు మైళ్లయింది. వైరు పట్టుకుని గుంజాను. ప్లగ్గు ఊడింది కానీ వైరు అప్పటికే మెత్తబడి ఉంది, అరచేతికి అతుక్కుపోయింది. గుడ్డ ఇంకా మండుతోంది. తాగే నీళ్ల చెంబు చేతికి అందితే దాని మీద పోశాను. అప్పటికి వాన కాస్త తగ్గింది, గట్టిగా దగ్గాను, ఆ దగ్గు వినిపించి భద్రమ్మ కిటికీ దగ్గరకు వచ్చింది.

"అయ్యో టీచరమ్మా! తాళం చెవి ఏడున్నది?"

"షారోన్ కాడున్నది. పలుగ్గొట్టు."

రోకలితో నాలుగు దెబ్బలు వేసింది.

కాలు కదలనిదాన్ని, తాళం వేసిన గదిలో, కాలని ఫ్యూజు పక్కన పడుకుని నీ ఫొటోను నమ్ముకున్నాను. తప్పంతా నీదని అనను. షారోన్ దాచింది, నేను దాచాను, నువ్వు దాచావు. కానీ నువ్వు దాచిన దానికి డబ్బా మీద అచ్చు పడింది. దాన్ని కొన్నవాళ్లందరికీ భద్రమ్మ ఉండదు.

షారోన్‌కు నిజం నువ్వే చెప్పాలి. నేను చెప్పను.

సరోజ

(ఎడమ చేత్తో రాశాను. అక్షరాలు సరిగ్గా లేవు.)


భూపాలపల్లి,
19 ఆగస్టు 2025

అక్కా,

ఇది రాజమల్లన్న ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఎలా వచ్చానో తర్వాత చెబుతాను.

ముందు షారోన్ సంగతి. నీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి అంతా చెప్పాను. మెల్లగా, "మామా, నువ్వు నిప్పు వెట్టినవ్, నేను తాళమేసిన. మా అమ్మకు ఇద్దరం గలిసి జేసినం" అంది. నేను తట్టుకోలేకపోయాను. అది తిట్టి ఉంటే బాగుండేది.

రెండోది, పోయిన వారం దాకా స్వరూపకు కూడా చెప్పనిది. ఆ సోమవారం నీ ఫోన్ రెండుసార్లు మోగినప్పుడు నా ఫోన్ షాపులో బల్ల మీద, నాకు రెండు చేతుల దూరంలో ఉంది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నాకు వినిపించలేదు.

కుడి చెవి మూడేళ్లుగా పోతోంది అక్కా. ఎడమది కూడా దాని దారిలోనే ఉంది. సన్నటి శబ్దాలు నాకు లేవు. పిట్టలు లేవు. ఫోన్ మోత లేదు. హైదరాబాద్ హాలులో ఫ్యూజు మార్చినప్పుడు నాకు తేడా తెలియలేదని రాశాను, నిజమే. కానీ ఎందుకు నోరు మూసుకున్నానో రాయలేదు. చుట్టూ కుర్రవాళ్లు తలలు ఊపుతుంటే, తేడా ఉందేమో, వినే చెవి నాకే లేదేమో అని భయం వేసింది. నేర్చుకున్నదంతా తేడా ఉండదు అంటోంది. భయమేమో, నువ్వు చెవిటివాడివైపోయావు, ఇప్పుడు కాదంటే అందరికీ తెలిసిపోతుంది అంటోంది. ఆంప్లిఫయర్ మేస్త్రీకి చెవి పోయిందంటే వాడింకెవడు? అందుకే తల ఊపాను. శాలువా కోసమని నువ్వు అనుకుంటే అంతవరకైనా పరువు మిగులుతుందని ఊరుకున్నాను.

పోయిన వారం వరంగల్‌లో దవాఖానకు వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. కాగితం మీద గీత కుడివైపు గుట్ట దిగినట్టు దిగిపోయింది. చెవి మిషన్ పెట్టుకోమన్నారు. స్వరూపకు ఆ కాగితమే చేతికిచ్చాను. చదివి, "గందుకేనా నేను వంటింట్లకెల్లి పిలిస్తె పలుకవు? కోపమనుకున్న ఇన్నొద్దులు" అంది.

ఇక భూపాలపల్లి. నా షాపు నుంచి పోయిన రాగమణులు ఎవరెవరికి ఇచ్చానో గుర్తున్నంత వరకు రాసుకున్నాను. మొదట రాజమల్లన్న కాళ్ల మీద పడదామని వచ్చాను. ఆయన పడనివ్వలేదు. "కాళ్లు పట్టుకుంటె ఫ్యూజులు ఊడొస్తయా? పా, బండి దీస్త" అన్నాడు. ఇద్దరం ఆయన మోటార్‌సైకిల్ మీద తిరుగుతున్నాం. తరిగొప్పులలో రెండు తీసి గాజువి వేశాం. బయ్యారంలో ఒక చర్చిది తీశాం. ప్రతిచోటా కోసిన ఫ్యూజు చూపించి, నా ఫొటో అబద్ధం చెప్పిందని చెబుతున్నాను. వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాశాను, మాడిన సెట్టు కూడా ఇచ్చాను, రాజమల్లన్న సాక్షి సంతకం పెట్టాడు. రాగమణి వాళ్ల వకీలు నుంచి నాకు నోటీసు వచ్చింది. ఇచ్చిన మాట తప్పానట.

అందరూ వింటున్నారనుకోకు. నిన్న మహదేవపూర్ అవతల ఒక ఊర్లో ఐలేశ్ అనే రైతు తలుపు దగ్గరే ఆపేశాడు. "గప్పుడు మంచిదంటివి, గిప్పుడు కాదంటివి. నువ్వు ఎప్పుడు అబద్ధమాడుతున్నవో నాకెట్ల ఎరుక? నా చెవులకు మంచిగ ఇనొస్తుంది, పో" అన్నాడు. ఎంత బతిమాలినా లోపలికి రానివ్వలేదు. రాజమల్లన్న, "నాయినా, సౌండ్ సంగతి ఇడిసిపెట్టు, ఇల్లు కాలుతది" అన్నా వినలేదు. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు అక్కా. తలుపు వేసుకున్నాడు. నా మాటే నా ముందు గోడలా నిలబడింది. దూకలేను, కూల్చలేను. రేపు మళ్లీ వెళతాం.

ఇదంతా అయ్యాక షాపు మూసేస్తాను. బాగుచేసిన సెట్టులో సన్నటి సూయ్‌మనే రొద ఉందో లేదో నాకు తెలియనప్పుడు నేనేం మేస్త్రీని?

నీ చెయ్యి ఎలా ఉంది? క్షమించమని అడిగే మొహం లేదు.

శామ్యూల్


మహబూబాబాద్,
2 సెప్టెంబర్ 2025

తమ్ముడు శామ్యూల్‌కు,

క్షమించానని రాయను. అరచేతికి కొత్త చర్మం వస్తోంది, రోజూ గుంజుతోంది. అది ఆగాక చూద్దాం. నువ్వు మళ్లీ అబద్ధం రాయవన్న నమ్మకం మాత్రం కుదిరింది, అందుకే ఈ జవాబు.

ఐలేశ్ ఇంటి ఫ్యూజు మూడోసారి వెళితే తీయించుకున్నాడని మొన్న ఫోన్‌లో చెప్పావు. వాళ్లావిడ చూస్తుండగా రాజమల్లు ఆ కడ్డీని బ్యాటరీకి తగిలించి, కరగకుండా ఎర్రగా కాలడం చూపించాడన్నావు. మంచి పని. మాటతో అమ్మినదాన్ని మాటతో వెనక్కి తేలేవు, చూపించాల్సిందే.

ఇక్కడి సంగతి. తాళం ఇంకా పడుతూనే ఉంది. రెండో తాళంచెవి భద్రమ్మ కొంగున ఉంటోంది, తేడా అంతే. షారోన్ డ్యూటీ మధ్యలో బయటికి వచ్చి గంటకోసారి ఫోన్ చేస్తోంది. రాత్రి నా కాళ్ల దగ్గర కూర్చుని, "ఏం జెయ్యాల్నో చెప్పమ్మా, నాకు సమజైతలేదు" అని ఏడ్చింది. ఆ పిల్లనూ ఈ గదిలోనే పెట్టి తాళం వేసినట్టుంది. డ్యూటీలో ఉన్నా దాని ప్రాణం ఇక్కడే. తాళంచెవి చేతులు మారినంత మాత్రాన నేను ఈ మంచం దిగలేదు. సెట్టు కాలిపోయాక బల్ల ఖాళీగా ఉంది. గడియారం మాత్రం తిరుగుతోంది.

నువ్వు షాపు మూస్తానన్నావు. మూసి ఏం చేస్తావు? ఇంట్లో కూర్చుని నాలా గోడ చూస్తావా? చూడటం తేలిక కాదు, రెండేళ్లు చూసినదాన్ని చెబుతున్నాను.

నాకు కాళ్లు లేవు, చెవులున్నాయి. కళ్లు మూసుకుని పదిసార్లు విని, తెలియనప్పుడు తెలియలేదనే చెప్పాను. నీకు చేతులున్నాయి, చెవి మిషన్ పెట్టుకోవడానికి ఇంకా మనసొప్పడం లేదని స్వరూప చెప్పింది. ముందు అది పెట్టుకో. అయినా సన్నటి రొద పట్టడానికి మిషన్ చాలదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఉంది, లేదు అని చెప్పాలి. లేనిది ఉందనకూడదు. ఆ పని నేను చేస్తాను. నెలకు పదిహేను రోజులు జనగామలో, పదిహేను రోజులు ఇక్కడ. పగలు షాపులో ఉంటాను, రాత్రి మీ ఇంట్లో.

షారోన్‌తో మూడు రోజులు వాదన అయింది. "రైల్ల ఎట్ల ఎక్కుతవే? గక్కడ నిన్ను ఎవరు చూస్తరు?" అంది. "మీ అత్తమ్మ చూస్తది. నువ్వు జర నిమ్మలంగ డ్యూటీ చేస్కో బిడ్డా. పదిహేను రోజులన్నా తాళం గురించి ఆలోచించకు" అన్నాను. మొదట కోపం తెచ్చుకుంది. తర్వాత పడుకుంది. ఆదివారం అంతా నిద్రపోయింది, అలా నిద్రపోవడం నేను ఈ రెండేళ్లలో చూడలేదు. లేచాక దానియేలుకు ఫోన్ చేసి, వాళ్ల బంధువుల వ్యాను సోమవారం దొరుకుతుందా అని అడిగింది. పదిహేనో తారీకు పొద్దున బయలుదేరతాం.

నీ షాపుకు రెండు మెట్లున్నాయని గుర్తు. వాటి మీద చెక్క వేయించు. వాలు మెల్లగా ఉండాలి. ఇంకొకటి. షారోన్ దవాఖాన నుంచి అడిగి తెచ్చిన చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు, భద్రమ్మ చేత టేపు పెట్టించి చూశాను. నీ షాపు దర్వాజ ఎంతుందో కొలిచి రాయి. "పడుతుందిలే అక్కా" అని రాయకు. కొలిచి రాయి.

మీ అక్క,
సరోజ